సీతాఫలాలు మెత్తబడేలోపు

మార్తమ్మ ఆ పొద్దున మూడోసారి గంపలో చెయ్యి పెట్టింది. పైకాయలు గట్టిగానే ఉన్నాయి. అడుగున ఒకటి వేలికి లొంగింది. 

శామీర్‌పేట చెరువుకు పడమట రాతిగుట్టల మీద సీతాఫలం చెట్లు ఎవరూ నాటకుండానే మొలుస్తాయి. గుంట భూమి లేని పన్నెండు ఇళ్ల ఆడవాళ్లకు ఏటా రెండు నెలలు ఆ గుట్టలే పొలాలు. జొన్నకోతల కూలి మొదలయ్యేదాకా ఇంట్లో గింజ, ఒంటి మీద చీర ఆ పండ్ల చలవే. కోత మార్తమ్మ మాట మీద నడిచేది. కాయ మీది గీతలు తెల్లబడితేనే తెంపాలి. తెంపిన మూడోనాటికి పండుతుంది, నాలుగోనాటికి ఈగలపాలవుతుంది. కోసిన సాయంత్రమే ఇస్హాక్ తన ఎడ్లబండి మీద గంపలను మేడ్చల్ స్టేషనుకు చేర్చేవాడు. మర్నాటి రైలుకు అవి సికిందరాబాదు మార్కెట్లో ఉండేవి.

నలభై ఎనిమిది సెప్టెంబరులో, మొదటి కోత కోసిన రోజునే రైళ్లు ఆగిపోయాయి. యూనియన్ సైన్యం వస్తోందన్నారు, వచ్చేసిందన్నారు, నిజాం సర్కారు లొంగిపోయిందన్నారు. అందరూ తలుపులు బిగించుకున్నారు. మార్తమ్మకు మాత్రం కుదురు లేదు. ఇది మూడోరోజు.

రైలు లేకపోతే బండి మీదే సికిందరాబాదుకు పోదామని అడగడానికి ఆమె ఇస్హాక్ ఇంటికి వెళ్లింది. అతని భార్య బషీరున్నీసా తలుపు సందులోంచే, "ఇంట్ల లేడు," అంది.

"ఎడ్లు కొట్టంలనే ఉన్నయి గద వదినా. యాడికి పోయిండు?"

లోపలి నుంచి ఇస్హాక్ బయటికి వచ్చాడు. మూడు రోజుల్లోనే మొహం పీక్కుపోయింది.

"సడక్ మీద ఫౌజ్ ఉన్నది చెల్లె. నా గడ్డం జూసి ఏమనుకుంటరో. నాకు నిజాం రజాకార్లతోటి సంబంధం లేదని నా మొఖం మీద రాసుంటదా?"

"నేను ముంగట గూసుంట. అడిగితే నేను జెప్త."

"నువ్వు జెప్తే ఇంటరా?"

"ఇనేదాంక జెప్త. పన్నెండిండ్ల కూడది అన్నా. కుళ్లబెడ్దమా?"

ఇస్హాక్ కొట్టంలోకి వెళ్లి ఎడ్లను విప్పాడు. ఇద్దరూ గంపలను బండికెత్తి సికిందరాబాదు దారి పట్టారు.

యాప్రాల్ దగ్గర సిపాయిలు బండిని ఆపారు. మార్తమ్మ కిందికి దూకి గడగడా చెప్పుకుపోయింది. గుట్టల సంగతి, పండ్ల సంగతి, రైలు సంగతి. సిపాయి ఆమె మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. పెద్ద అధికారి వచ్చేదాకా కదలొద్దని సైగ చేశాడు. హిందుస్తానీ తెలిసిన ఇస్హాక్ బండి మీదే తల వంచుకుని కూర్చున్నాడు. గడ్డాన్ని కండువాలో దాచుకున్నాడు.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. మార్తమ్మ బండి చుట్టూ తిరిగింది. గంపల మీది ఆకులు ఎత్తి చూసింది, మళ్లీ కప్పింది. పండిన వాసన గుప్పుమంటోంది. అధికారి జాడ లేదు. ఇక ఆగలేకపోయింది. ఒక గంపను కిందికి లాగి, సడక్ నడిమధ్యన బోర్లించేసింది.

"సూడు! ఏమున్నది ఇందుల? తుపాకులున్నయా?"

పండ్లు పగిలి దొర్లాయి. సిపాయిల తుపాకులు లేచాయి.

అప్పుడు ఇస్హాక్ బండి మీది నుంచి దూకాడు. చేతులు పైకెత్తి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"సాబ్! సీతాఫల్ హై సాబ్. ఔర్ కుచ్ నహీ. గరీబ్ ఔరతోంకా మాల్ హై. ఖరాబ్ హో రహా హై."

పేద ఆడవాళ్ల సరుకు పాడవుతోందని మొదలుపెట్టినవాడు ఇక ఆగలేదు. గుట్టలు, రైలు, పన్నెండు ఇళ్లు, అన్నీ చెప్పాడు. సిపాయి వంగి ఒక పగిలిన పండును తీసి వాసన చూశాడు. మొహం విచ్చుకుంది.

"షరీఫా!" అన్నాడు. షరీఫా అంటే సీతాఫలమే; తమ ఊళ్లోనూ పండుతుందట. గింజలు ఉమ్ముతూ తిన్నాడు, మరో రెండు గంపలు తడిమి చూశాడు, బండిని పొమ్మన్నాడు.

కొంతదూరం పోయాక ఇస్హాక్ విరుచుకుపడ్డాడు. "పాగల్ అయినవా? తుపాకి పేలితే?"

"పేలకపాయె గద," అంది మార్తమ్మ. చేతుల దుమ్ము కొంగుతో తుడుచుకుంది. ఒక గంప పండ్లు దుమ్ముపాలు చేసింది తన తొందరేనని ఆమెకు తెలుసు. అవి తనతోపాటు గుట్టకు వచ్చే ఎలీషమ్మ కోసినవి.

మార్కెట్లో వారం రోజులుగా పండు ముఖం చూసినవాడు లేడు. బండి ఆగకముందే చిల్లర బేరగాళ్లు చక్రాలెక్కారు. అడుగున నలిగినవి తప్ప అన్నీ అమ్ముడుపోయాయి. సరిహద్దులు మూసినప్పటి నుంచి నెలల తరబడి దొరకని ఉప్పు ఆ రోజు ఒక కొట్లో కనబడితే, మార్తమ్మ మూట కట్టించుకుంది.

ఆ రాత్రి మార్కెట్ సావడిలోనే పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి ఊరు చేరారు. ఎలీషమ్మ గుమ్మంలోనే ఉంది.

"నీ గంప నా మూలాన పోయింది," అంది మార్తమ్మ, బండి మీది నుంచే. "నా వంతు పైసలు నువ్వే దీస్కో."

ఎలీషమ్మ ఏదో అనబోయింది. వినడానికి మార్తమ్మ ఆగలేదు. బండి దిగి, పైసల మూటను, ఉప్పుమూటను ఆమె చేతిలో పెట్టి, అందరికీ పంచమని చెప్పి, ఖాళీ గంప చంకన పెట్టుకుని మలి కోతకు గుట్ట వైపు నడిచింది.