పెన్సిలుతో రాసిన పేజీలు

నేను ఒక రిజిస్టరును. సముద్రపు ఒడ్డునున్న ఒక అణు విద్యుత్ కేంద్రంలో, లోపలి గదుల్లో పని చేసి వచ్చిన ప్రతి మనిషి ఒంటికీ ఆ రోజు ఎంత రేడియేషన్ తగిలిందో రాసుకునే పుస్తకాన్ని. పుట్టినప్పుడు నా వీపుకు పూసిన మైదా జిగురు వాసన ఒక రోత. ఆ తర్వాతవన్నీ మనుషులు నేర్పిన రోతలు.

చేతులు మూడుసార్లు కడిగిస్తే గాని బయటికి వదలని చోటది. అక్కడ కూడా పేజీ తిప్పాలంటే వేలు నాలుకకు అద్దుకోవలసిందే. నా అంచులనిండా ఇరవై ఆరేళ్ల ఎంగిలి.

దానికంటే అసహ్యమైన అలవాటు ఇంకొకటుంది. గేటు దగ్గర చిన్న మీటరు చూపించిన అంకెను ముందు పెన్సిలుతో రాసేవారు. నెలాఖరున ల్యాబు నుంచి అసలు లెక్క వచ్చాక దాన్ని సిరాతో దిద్దాలి. పర్మనెంటు ఉద్యోగులవి దిద్దేవారు. కాంట్రాక్టు కూలీలు ఆపాటికి పని ముగించుకుని వెళ్లిపోయేవారు. లేని మనిషి కోసం సిరా ఎవరు తీస్తారు? వాళ్ల పేర్లు సిరాలో, అంకెలు పెన్సిలులో ఉండిపోయాయి. అలా వదిలేసిన చెయ్యి అప్పటి గేటు గుమాస్తా వసుంధరాదేవిది.

కిందటేడు రికార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. నా పసుపు రంగు చూడలేక ఆపరేటరు ఫణీంద్ర స్కానరు వెలుతురు పెంచాడు. మరకలు పోయాయి, వాటితో పెన్సిలూ పోయింది. ఖాళీ గడులను కంప్యూటరు ఒప్పుకోలేదు. అన్నిటిలోనూ సున్నాలు నింపాడు. 'సరిచూశాను, అసలు ప్రతులు నాశనం చేయవచ్చు' అన్న కాగితం మీద రికార్డుల ఆఫీసరు సంతకం పెట్టింది. ఆ ఆఫీసరు ఇప్పుడు వసుంధరాదేవే. నన్ను తెరవలేదు. లోపల ఏముందో తెలిసినవాళ్లే తెరవరు.

ముక్కలు చేసే యంత్రం పక్కన గోనెసంచిలో పడున్నాను. అప్పుడు దాలయ్య వచ్చాడు. ఒకప్పుడు మూడేళ్లు, పిలిచినప్పుడల్లా పది రోజుల కాంట్రాక్టు మీద వచ్చి, పంపుల గదిలో నీళ్లు తుడిచినవాడు. ఇప్పుడు రక్తం చెడిపోయింది. సోమవారం మెడికల్ బోర్డుకు తన ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే డోసు కాగితం చూపిస్తేనే వైద్యానికి ఒప్పుకుంటారు. ఫణీంద్ర కాగితం తీసి ఇచ్చాడు.

"సున్నా అంటారేటి బాబూ? నాను ఆ గదిలోకి దిగనేదా?"

"కంప్యూటరులో అదే ఉంది."

"మరి మీ కంప్యూటరునే దింపవలసింది!" అని వసుంధరాదేవి వైపు తిరిగాడు. "అమ్మా, గేటుకాడ మీరే రాసినారు. గురుతు నేదా?"

 ఆమె సంచి విప్పి నన్ను తీసింది. అలవాటు కొద్దీ వేలు నాలుకకు అద్దుకుంది. పేజీ తర్వాత పేజీ కూడి, సున్నా కొట్టేసి, 'నలభై ఆరు మిల్లీసీవర్టులు' అని ఆ కాగితం మీద సిరాతో రాసి సంతకం చేసింది.

"మేడం, రిజిస్టరు నాశనమైపోయిందని మీరే రాసిచ్చారు," అన్నాడు ఫణీంద్ర. "ఇది చెల్లదు."

"చెల్లకపోతే నన్ను పిలవమను."

ఒక్క క్షణం ఆమెను మెచ్చుకోబోయాను. కానీ నా మీద వాలిన ఆ ముఖాన్ని దగ్గరగా చూశాను. అందులో జాలి లేదు. తన పాత చేతిరాత ఎదురుపడితే వచ్చే వాంతిని ఆపుకోవడం ఉంది. అంకె దిద్దగానే ఊపిరి తేలికైంది. ఇంత చవగ్గా శుభ్రమైపోతారు మనుషులు.

దాలయ్య కాగితం అందుకుని కూడా వెళ్లలేదు.

"మరి మావోళ్లవమ్మా? నాతో దిగినోళ్లు పదకొండు మంది. అందులోనే ఉన్నారు."

ఆమె పెన్నుకు మూత పెట్టింది.

"వాళ్లెవరూ వచ్చి అడగలేదుగా, దాలయ్యా."

అతను నా వైపు చూశాడు. ఆ చూపుకు బదులు చెప్పే నోరు నాకు లేదు. ఉన్నా, ఇరవై ఆరేళ్లు ఊరుకున్నదాన్ని, ఏం చెప్పగలను? కాగితం మడిచి చొక్కాలో దోపుకుని వెళ్లిపోయాడు.

ఫణీంద్ర నన్ను యంత్రంలోకి నెట్టాడు. ఇప్పుడు మళ్లీ గోనెసంచిలోనే ఉన్నాను, ఈసారి పీలికలుగా. కంప్యూటరులో మాత్రం పదకొండు పేర్లూ తెల్లటి కాగితం మీద చక్కగా కనిపిస్తాయట. ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఒక్కొక్క సున్నా.