నిండు గిన్నె

పొద్దున లేచి ముఖం కడుక్కున్నాక రేణుక చేసే మొదటి పని పిట్టల గిన్నె మీద ఊదడం. డికాషన్ దిగేలోపు అది అయిపోవాలి. వరండాలో పంజరం తలుపు తీసి, గిన్నె బయటికి తెచ్చి ఒక్కసారి ఊదితే పైనున్నదంతా ఎగిరిపోతుంది. అంతా పొట్టే. ఫించ్ పిట్ట గింజను ముక్కుతో ఒలిచి, లోపలిది మింగి, పొట్టును మళ్ళీ అదే గిన్నెలో వదులుతుంది. చూసేవాళ్ళకు పెట్టింది పెట్టినట్టే కనిపిస్తుంది. అవి వచ్చిన కొత్తలో రేణుక కూడా మోసపోయింది, ఇవేం పిట్టలు, ఏమీ తినవు అనుకుంది. తర్వాత తెలిసింది. ఇంట్లో తెలిసింది తనొక్కతికే కాబట్టి ఊదే పనీ తనదే అయింది.

ఆ పిట్టలను ఆమె కోరి తెచ్చుకోలేదు. కూతురు సుష్మ చదువుకని బళ్ళారి హాస్టల్‌కు వెళ్ళాక, ఇల్లు బోసిగా ఉందని ఒకరోజు వడ్డిస్తూ వడ్డిస్తూ నోరు జారింది. ఆ ఇంట్లో ఏదైనా లోటు ఉందంటే దానికి మందుగా ఇంకో పని వస్తుంది, ఆ సంగతి మరిచిపోయింది. పెళ్ళిరోజుకు భర్త రాఘవేంద్ర రెండు జతల ఫించ్‌లు, ఒక పంజరం పట్టుకొచ్చి వరండాలో తగిలించాడు. "నీకు కాలక్షేపంగా ఉంటుంది" అన్నాడు. తెల్లవారుజామున ఐదింటికి లేచే మనిషి దగ్గర గడవక మిగిలిపోతున్న కాలం ఎక్కడుందో అతనికే తెలియాలి.

నాలుగింటిలో తెల్లగా ఉండేదొక్కటి. ఆడది. అది మిగతావాటితో కొట్లాడదు, పైకొమ్మ కోసం పోటీ పడదు, ఎప్పుడూ గిన్నె దగ్గరే ఉంటుంది. మార్చిలో గుడ్డు పెట్టలేక పంజరం అడుగున చతికిలబడితే రేణుక చెప్పుల డబ్బాలో గుడ్డ పరిచి బస్సెక్కింది. తాముండే కాలువ భూముల క్యాంపు నుంచి తెక్కలకోట, అక్కణ్ణుంచి బళ్ళారి. అరచేతిలో పట్టే పిట్టకు డాక్టరేంటని రాఘవేంద్ర నవ్వాడు. వెళ్ళేముందు మధ్యాహ్నానికి కూర కూడా చేసి వెళ్ళమని అత్తగారు సరోజినీదేవి గుర్తు చేసింది. చేసే వెళ్ళింది.

డాక్టర్ సహన చిన్నపిల్ల. ఇంట్లో కన్నడం, క్లినిక్‌లో ఎవరొస్తే వాళ్ళ భాష. వెచ్చటి ఆవిరి పట్టి, మెల్లగా నిమిరి, ఎలాగో గుడ్డు బయటికి రప్పించింది. దాని పెంకు ఉల్లిపొరంత పలచగా ఉంది. "ఉత్త గింజలే పెడితే ఇంతేనమ్మా. గుడ్డు మీద గుడ్డు పెడతా ఉంటాది, ఒంట్లో సత్తువంతా దానికే పోతాది" అంది. గింజల్లో లేని బలమంతా కలిపి చేసిన పెల్లెట్లకు మార్చాలని, ఒక్కరోజులో మార్చకూడదని చెప్పింది. మొదట మూడొంతులు గింజలు, ఒక వంతు పెల్లెట్లు, వారం వారం కొంచెం కొంచెం ఎక్కువ చేస్తూ పోవాలి. రెట్ట చూస్తుండాలి. రోజు మార్చి రోజు తూకం వేయాలి. పూర్తిగా అలవాటయ్యాక కూడా రోజూ కాసిని గింజలు పెడుతూనే ఉండాలి, చిన్న పిట్టలు గదా. చీటీ మీద రాస్తూ రాస్తూ ఆ అమ్మాయి తలెత్తి ఇంకో మాట అంది.

"గింజలు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దండి. ఆకలైతే అదే తింటాదిలే అంటారు అందరూ. తినదు. అది తిండి అని దానికి తెలీదు గదా. ఎదురుగా పెట్టుకోని ఆకలికి సచ్చిపోతాది."

రేణుక తలూపింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాక ఆ మాట ఇంతకుముందు ఎక్కడ విన్నానా అని ఆలోచించింది. ఎంతోసేపు పట్టలేదు. పెళ్ళయిన రెండో వారంలో విన్నది. పుట్టిల్లు బళ్ళారి పక్కన మోక. నాన్నది మెట్టచేను, ఇంట్లో జొన్నరొట్టె, కొర్రన్నం, గోంగూరతో చేసే పుండికూర. అత్తవారు కోస్తా నుంచి కాలువ భూములకని తాతల నాడే వచ్చి క్యాంపు కట్టుకున్నవాళ్ళు, పొద్దున కూడా సన్నబియ్యం పెరుగన్నమే. మనవాళ్ళే, మన భాషే అనుకుని ఇచ్చారు. కొత్తకోడలు కొర్రలున్నాయా అని అడిగితే సరోజినీదేవి విరగబడి నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. "కొర్రలా? పిట్టలకేసేవి మనమెందుకు తింటామమ్మా" అంది. కంచంలో సగం వదిలేస్తున్న పిల్లను చూసి పక్కింటావిడ ఏదో అనబోతే, "ఆకలేస్తే అదే తింటుందిలెండి" అంది. రేణుక తిన్నది. ఆర్నెల్లలో జాకెట్లన్నీ వదులయ్యాయి. నాజూగ్గా అయ్యావని రాఘవేంద్ర మెచ్చుకున్నాడు. పుట్టింటి అలవాటున తను "ఉండాది" అంటే ఇంటిల్లిపాదీ ఆ మాటను తిప్పి తిప్పి అనుకుని నవ్వుకునేవాళ్ళు, అందుకని "ఉంది" అనడం కూడా ఆ ఆర్నెల్లలోనే నేర్చుకుంది. పిల్ల బాగా కలిసిపోయిందని చుట్టాలకు చెప్పుకున్నారు. ఇరవై ఏళ్ళయింది. తూకం మాత్రం ఎవరూ వేయలేదు. ఇదంతా గుర్తొచ్చినా రేణుకకు ఏమీ అనిపించలేదు. తెక్కలకోట వచ్చిందని కండక్టర్ అరిస్తే లేచి దిగింది.

పెల్లెట్లు తానే తెస్తానని రాఘవేంద్ర బళ్ళారి నుంచి పెద్ద సంచీ తెచ్చాడు. ఎరుపు, పసుపు, పచ్చ, ఒక్కొక్కటి శనగగింజంత ఉన్నాయి. పిట్టలు వాటిని కాళ్ళతో అటూ ఇటూ దొర్లించాయి. రేణుక ఫోటో తీసి పంపితే, అవి చిలకలకు పెట్టేవని, రంగులు మన కళ్ళకోసమే తప్ప పిట్టలకు పనికిరావని, నూకల మాదిరి సన్నగా, రంగు లేకుండా ఉండేవి తేదీ చూసుకుని చిన్న ప్యాకెట్ తీసుకోమని సహన చెప్పింది. ఫోన్‌లో వెతికి తెప్పించుకుంది. ఇంత సంచీ తెచ్చిపోస్తే వీటికి నచ్చలేదా అని రాఘవేంద్ర రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు. పిట్టల మీదో, ఆమె మీదో తెలియలేదు.

మూడు వారాలు రేణుక చెప్పింది చెప్పినట్టు చేసింది. ఉడికిన గుడ్డు చిదిమి దాని మీద పెల్లెట్ల పొడి చల్లింది. చిన్న గుడ్డసంచిలో ఒక్కొక్క పిట్టనూ పెట్టి, గ్రాములు చూపించే చిన్న కాటా మీద తూచి క్యాలెండర్ గళ్ళలో రాసింది. మూడు పిట్టలు మెల్లగా అలవాటు పడ్డాయి. తెల్లది పొద్దస్తమానం గిన్నె దగ్గరే ఉండేది. సరోజినీదేవి వరండాలో పేపరు చదువుతూ, "ఆ తెల్లదాన్ని చూడు, ఎంత బుద్ధిగా తింటుందో" అనేది. రేణుక దగ్గరగా కూర్చుని చూస్తే, అది పెల్లెట్ ముక్కను నోట పట్టుకుంటుంది, అటూ ఇటూ తిప్పుతుంది, వదిలేస్తుంది. మళ్ళీ ఇంకోటి. తినడం కాదది, తింటున్నట్టు కనిపించడం. పదమూడు గ్రాములున్నది పన్నెండు, ఆ తర్వాత పదకొండు. సహనకు ఫోన్ చేస్తే దానికి వెంటనే గింజలు వెనక్కిచ్చేయమంది. అప్పటినుంచి దాన్ని వేరే చిన్న పంజరంలో పెట్టి, ఒక్క చెంచాకే నిండే బుల్లి గిన్నెలో పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా ఉత్త గింజలు వేసి దగ్గరుండి తినిపిస్తోంది. మళ్ళీ పన్నెండుకు వచ్చింది. ఆ అంకె రాసేటప్పుడు రేణుకకు చాలా కాలానికి కాస్త సంతోషంగా అనిపించింది.

ఇంతలో మోకలో చెల్లెలు హారతి కొత్తింట్లో పాలు పొంగిస్తోంది. మూడు రోజులు అక్కడే ఉండాలి. దోసెపిండి రుబ్బి, రెండు పచ్చళ్ళు చేసి, అత్తగారి మాత్రలు పూటపూటకూ విడదీసి పెట్టి, పెద్ద పంజరంలో మూడు పిట్టలకూ మూడు రోజుల తిండి పోసి, చివరగా భర్త దగ్గరికి వచ్చింది.

"తెల్లదానికి పూటకో చెంచా గింజలండీ. వేసేముందు పాతది ఊదేయండి."

రాఘవేంద్ర ఫోన్లోంచి తలెత్తలేదు. "ఊరి వడ్లన్నీ చూసేవాణ్ణి, ఒక్క పిట్టని చూసుకోలేనా" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. వడ్ల విషయంలో ఆ చుట్టుపక్కల క్యాంపుల్లో అతని మాటే మాట. గుప్పెడు వడ్లు తీసుకుని, అరచేతుల మధ్య నలిపి, ఒక్కసారి ఊది, చేతిలో మిగిలింది చూసి తాలు ఎంతో గట్టిగింజ ఎంతో చెప్పేస్తాడు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కూడా పిలుచుకుపోతారు.

మోకలో మొదటిరోజు విందుభోజనాలు. మర్నాడు చుట్టాలు పలచబడ్డాక హారతి ఇంట్లోవాళ్ళకని కొర్రన్నం, పుండికూర చేసింది. రేణుక కొత్త వంటింటి గచ్చుమీద గోడకానుకుని కూర్చుని తిన్నది. ఎన్నిసార్లు పెట్టించుకుందో ఆమెకు తెలియదు. హారతి గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"అక్కా, నువ్వింత తింటావని నాకు తెలీనే తెలీదు. మా ఇంటికొచ్చినప్పుడల్లా కతికి లేచిపోతావే."

"నాకూ తెలీదు" అంది రేణుక. నవ్వుతున్నాననే అనుకుంది. హారతి మాత్రం ఆ మొహం చూసి ఇంకో గరిటె వడ్డించింది. బయల్దేరేటప్పుడు ఒక సంచీలో కొర్రలు, చిన్న డబ్బాలో పుండికూర కట్టిచ్చింది.

మూడోరోజు మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి సరోజినీదేవి వరండాలోనే ఉంది. సంచీలో ఏంటని అడిగింది. కొర్రలంది రేణుక. పిట్టలకా అంటే ఔనంది. అలవాటుగా వచ్చేసింది ఆ మాట. అప్పుడు పంజరం వైపు చూసింది. పెద్ద పంజరంలో మూడూ కొమ్మ మీదున్నాయి. చిన్న పంజరంలో తెల్లది గిన్నెకానుకుని అడుగున పడి ఉంది. ముట్టుకుంటే బిగుసుకుపోయి ఉంది. గిన్నె అంచుదాకా నిండి ఉంది.

రాఘవేంద్ర లోపల్నుంచి వచ్చాడు. చూసి, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అదేంటి, గిన్నె నిండుగానే ఉందిగా! నేను రెండు పూటలా చూశాను" అన్నాడు. ఆ మాటా అబద్ధం కాదు. రెండు పూటలా వచ్చి చూసే ఉంటాడు.

రేణుక గిన్నెలో ఉన్నదంతా అతని చేతిలో పోసింది. చేతిలో పడేసరికి అతను ఎప్పుడూ చేసే పనే చేశాడు. రెండు అరచేతుల మధ్య నలిపాడు, ఊదాడు. అంతా ఎగిరి అతని చొక్కా మీదా, అత్తగారి పేపరు మీదా పడింది. అరచేతిలో ఒక్క గింజ మిగల్లేదు. కాసేపు ఆ చేతిని అలాగే చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత చొక్కా దులుపుకుని, "దానికి మొదటినుంచీ ఒంట్లో బాగోలేదుగా. రేపు బళ్ళారి వెళ్తున్నా, ఇంకోటి తెస్తాలే" అన్నాడు.

ఇంకోటి. రేణుక ఆ పిట్టను గుడ్డసంచిలో పెట్టి కాటా మీద పెట్టింది. తొమ్మిది. క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాసింది. పెరట్లో కనకాంబరాల మొదట్లో చిన్న గుంట తీసి కప్పెట్టి, చేతులు కడుక్కుని, కొళాయి దగ్గరే నిలబడింది. ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. కోపం వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు. వచ్చింది ఆకలి. పొద్దున హారతి ఇంట్లో కడుపునిండా తిని బయల్దేరిన మనిషికి ఈ ఆకలి ఈ పూటది కాదని ఆమెకు తెలుసు.

వంటింట్లోకి వెళ్ళి సంచీ ముడి విప్పింది. రెండు గుప్పిళ్ళ కొర్రలు కడిగి నానబెట్టింది. పొద్దు వాలాక చిన్న గిన్నెలో ఒక్కరికి సరిపడా ఎసరు పెట్టింది. గుమ్మంలోకి వచ్చిన సరోజినీదేవి కాసేపు చూసి, "పిట్టలకన్నావు?" అంది.

"కాదత్తయ్యా. నాకు."

చెప్పాక ఆ మాట ఎంత చిన్నదో అనిపించింది. అత్తగారు వరండాలోకి వెళ్ళిపోయింది. రేణుక కొర్రన్నం కంచంలో పెట్టుకుని, హారతి కట్టిచ్చిన పుండికూర వేసుకుని, భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఇంట్లో అందరికంటే ముందు కూర్చోవడం అదే మొదలు. వేడి వేడిగా ఉంది. మెల్లగా కలుపుకుంది.

ఏడింటికి రాఘవేంద్ర చేతులు కడుక్కుని వచ్చాడు. బల్ల మీద కంచం ఒక్కటే ఉంది. పొయ్యి వైపు చూశాడు, కుక్కర్ మూత తీసి చూశాడు. కడిగి బోర్లించినట్టు పొడిగా ఉంది.

"అన్నమేది? వండలేదా?"

ఎప్పుడైనా అయితే రేణుక ఈపాటికి లేచి నిలబడి ఉండేది. లేవలేదు. నోట్లో ముద్ద నమిలి మింగి, నీళ్ళు తాగి, ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతుతో చెప్పింది.

"బియ్యం డబ్బా నిండుగానే ఉండాది. నేను చూసినా."

ఇంకో ముద్ద కలుపుకుంది.