పొగ లేని కొలిమి

సత్తయ్యకు నలభై ఆరేళ్లకే దమ్ము జబ్బు పట్టి ఊపిరి చాలకుండా పోయింది. పన్నెండో ఏట తండ్రి పక్కన కూర్చుని తిత్తి ఊదడం మొదలుపెట్టినవాడు, పాల్మాకులలోని ఇంటి వెనక అదే కొలిమి ముందు ముప్పై నాలుగేళ్లు బొగ్గు పొగ పీల్చాడు. ఎయిర్‌పోర్టు కోసం చుట్టుపక్కల చేన్లు పోయాక నాగలి కర్రులూ కొడవళ్లూ అడిగేవాళ్లు తగ్గిపోయారు. అప్పటినుంచి లారీల కింద ఉండే కమాన్ ఉక్కు పట్టీలు కోసి మటన్ దుకాణాలకు కత్తులు చేస్తున్నాడు. అతని కత్తి ఎముక మీద పడ్డా అంచు విరగదని రాజేంద్రనగర్ దాకా పేరుంది.

తమ్ముడు జగదీశ్ పదమూడేళ్లు చిన్న. తల్లి పోయాక అతణ్ణి పెంచింది వదిన జంగమ్మే. ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు అక్కడ వెల్డింగ్ పని చేశాడు. కట్టడం పూర్తయ్యాక పని లేక అన్న దగ్గరికే వచ్చి చేరాడు. జంగమ్మకు మాత్రం అదే ఎయిర్‌పోర్టులో ఊడ్చి తుడిచే పని దొరికింది.

2012 ఎండాకాలంలో డాక్టరు గట్టిగా చెప్పాడు, బొగ్గు పొగ మానకపోతే తన మందులు దండగని. సత్తయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"కొలిమి ఇడిసిపెట్టి నేనేం జెయ్యాలె తమ్మీ? నాకింకేమొస్తది?"

"కొలిమి ఇడువకన్నా. బొగ్గు ఇడుద్దాం," అన్నాడు జగదీశ్.

శంషాబాద్‌లో ఒక నెట్ సెంటర్‌లో అతను గ్యాస్‌తో మండే చిన్న కొలిమి బొమ్మలు చూశాడు. ఇంగ్లీషు కాగితాలు ఆరు అచ్చు తీయించుకున్నాడు. పదో తరగతి చదువు అతనిది. రాతలు వదిలేసి బొమ్మలూ కొలతలూ చూసి పని మొదలుపెట్టాడు. అడుగున్నర ఇనుప గొట్టం, దాని లోపల కాటేదాన్‌లో కొన్న తెల్లటి దూదిలాంటి సిరామిక్ దుప్పటి రెండు వరసలు, దాని మీద మంటకు ఆగే సిమెంటు పూత. బర్నర్ దగ్గర మాత్రం ముప్పుతిప్పలు పడ్డాడు. మొదటిది మంటను వెనక్కి కక్కింది. రెండోది ఇనుమును ఎర్రబరచలేకపోయింది. మూడోది వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది. నాలుగోది గర్జించినట్టు మోత పెట్టింది. ఐదు నిమిషాల్లో గొట్టం లోపలంతా నారింజ రంగు తిరిగింది.

సత్తయ్య మొహం దగ్గరగా పెట్టి చూశాడు.

"పొగేదిరా?"

"లేదన్నా. గిదిట్లనే మండుతది."

సత్తయ్య ఒకసారి నిండుగా ఊపిరి తీసుకున్నాడు. దగ్గు రాలేదు. మళ్లీ తీసుకున్నాడు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయడం మరిచిపోయినట్టు చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

రెండు నెలలు పెరట్లో రేకుల కింద పని బాగా సాగింది. దగ్గు తగ్గింది. తొండుపల్లి నుంచి మల్లేశ్వర్ అనే ఇంకో కమ్మరి వచ్చి చూసి, కొలతలు రాసుకుని, తనూ ఒకటి చేసుకున్నాడు.

తర్వాత వానలు పట్టాయి. గాలికి మంట ఆరిపోతుంటే గ్యాస్ కొలిమిని ఒకప్పుడు గడ్డి వేసుకునే గదిలోకి మార్చారు. దానికి ఒక తలుపు, ఒక కిటికీ. గాలి దూరితే మంట తడబడుతోందని రెండూ మూసేవాళ్లు. మధ్యాహ్నానికి ఇద్దరికీ తల పగిలిపోయేది.

"బర్నర్ మోతకన్నా," అనేవాడు జగదీశ్. జంగమ్మ తలనొప్పి గోలీలు తెచ్చిపెట్టింది. ఒకరోజు సత్తయ్య వాంతి చేసుకున్నాడు. ఖాళీ కడుపున చాయ్ తాగినందుకే అనుకున్నారు. బయట కాసేపు కూర్చుంటే తేలికపడేది, మళ్లీ లోపలికి పోయేవాళ్లు.

శ్రావణంలో ఒకరోజు పొద్దుటినుంచీ వాన వదల్లేదు. తయారైన కత్తులు ఇచ్చిరావడానికి జగదీశ్ పదకొండింటికి శంషాబాద్ బయల్దేరాడు. జంగమ్మ డ్యూటీలో ఉంది.

"తలుపు దగ్గరికేసి పో తమ్మీ, జల్లు కొడుతుంది," అన్నాడు సత్తయ్య, పట్టకారుతో పట్టీ లోపలికి తోస్తూ.

జగదీశ్ తలుపు వేశాడు. గాలికి అది తెరుచుకుంటుంటే బయటినుంచి ఒక రాయి ఆనించాడు.

రెండింటికి తిరిగొచ్చేసరికి బర్నర్ మోత వినిపిస్తోంది, సుత్తి చప్పుడు లేదు. రాయి జరిపి తలుపు తోశాడు. సత్తయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం ఛాతీ మీద వాలి ఉంది. పట్టకారు ఒళ్లో ఉంది. కొలిమిలో పట్టీ అంచులు కాలి పొలుసులు పొలుసులుగా రాలిపోయింది.

"అన్నా! లే అన్నా!" అని రెండు చేతులా ఎత్తుకుని వానలోకి పరుగెత్తాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు నాడి చూసి, పాత చీటీలు చూశాడు. "ఊపిరితిత్తులు ముందే చెడిపోయి ఉన్నాయి. గుండె ఆగిపోయింది," అన్నాడు. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

స్నానం చేయించేటప్పుడు సత్తయ్య మొహం ఎర్రగా, నిద్రపోతున్నవాడిలా ఉందని అందరూ అనుకున్నారు. పలకరించడానికి వచ్చినవాళ్లతో జంగమ్మ ఒకటే మాట చెప్పేది. "ఆఖరుకు మా జగదీశ్ ఆయనకు ఆ పొగ తప్పిచ్చిండు. రెండు నెలలన్న సుఖంగ ఊపిరి పీల్చిండు."

పదకొండో రోజు దాటాక జగదీశ్ ఆ కాగితాలు మళ్లీ తీశాడు. ఆరో కాగితంలో బొమ్మలు లేవు, అందుకే ఎప్పుడూ చూడలేదు. అందులో ఒక ఇంగ్లీషు మాట అతనికి తెలుసు. తలనొప్పి గోలీల అట్ట మీద రోజూ చూసిన మాట, 'హెడేక్'. కాగితం పట్టుకుని నెట్ సెంటర్‌కు పోయాడు. అది నడిపే సునీత చదివి తెలుగులో చెప్పింది.

"మూసిన గదిలో ఇది వాడొద్దని రాసిండ్రు. రంగు, వాసన లేని విషపు గాలి వస్తదట. ముందు తలనొప్పి, వాంతులు. మనిషికి తెలువకుండనే పానం పోతదట." ఆమె తలెత్తి చూసింది. "ఎవరికన్న ఏమన్న అయిందా అన్నా?"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడు రోజులు ఆ కాగితం జేబులోనే పెట్టుకు తిరిగాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ నాలుగో రోజు జంగమ్మ పక్కింటామెతో మళ్లీ అదే మాట చెబుతుంటే వినలేకపోయాడు. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"వదినా, అన్న దమ్ముతోని పోలే. నేను జేసిన కొలిమి సంపింది. కాగితంల రాసుంది, నేను సదువలే. తల నొస్తుందన్నప్పుడన్న నాకు సోయి రాలే. తలుపుకు రాయి గూడ నేనే పెట్టిన."

జంగమ్మ అతని వంక చూసింది.

"రాయి పెట్టినవా?"

"పెట్టిన."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఆ పూట నుంచి అతని కంచంలో అన్నం ఉండేది, ఆమె మాట ఉండేది కాదు.

వారం తర్వాత జగదీశ్‌కు మల్లేశ్వర్ చేసుకున్న కొలిమి గుర్తొచ్చింది. వెంటనే తొండుపల్లి పోయాడు. మల్లేశ్వర్ రేకుల గదిలో షట్టర్ సగానికి దించుకుని పని చేస్తున్నాడు. అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"మీ అన్నకు దమ్ము బీమారి ఉండె. నాకేముంది? నేను జేస్తే నీ గిరాకీ పోతదని పరేషాన్ అయితున్నవా ఏంది?"

ఇంటికొచ్చి జగదీశ్ గడప బయటే నిలబడి, వదినకు వినబడేలా జరిగింది చెప్పాడు.

మరునాడు పొద్దున్నే జంగమ్మ డ్యూటీ బట్టల్లోనే తొండుపల్లి వెళ్లింది. మల్లేశ్వర్ పెళ్లాన్ని బయటికి పిలిచి, అతని ముందే చెప్పింది. "మా ఆయన మొహం నేను కడిగిన. జరమొచ్చినోని లెక్క ఎర్రగుండె. దమ్ముతోని పోయినోళ్లను సూసిన, గట్లుండరు. నీ మొగనికి తల నొస్తుందా లేదా, నువ్వే అడుగు."

మల్లేశ్వర్ పెళ్లాం అతని వైపు చూసింది. మల్లేశ్వర్ నుదురు రుద్దుకున్నాడు. తర్వాత గ్యాస్ ఆపి, షట్టర్ పూర్తిగా ఎత్తి, కొలిమిని పెరట్లోకి ఈడ్చుకుపోయాడు.

ఆ సాయంత్రం జంగమ్మ డ్యూటీ దిగి ఇంటికి వచ్చింది. వాకిట్లో కూర్చున్న జగదీశ్ పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది.

"బయట వెట్టిండు," అని లోపలికి పోయింది.

జగదీశ్ ఏదో అడగబోతూ లేచాడు. అప్పటికే ఆమె పొయ్యి దగ్గర అతనికి వీపు పెట్టి బియ్యం కడుగుతోంది.