తోక వైపు నుంచి వెతకాలి

పెదనాన్న ఆ అర్జీని మూసేశాడు. "అవసరం లేదు. ఇది లేకుండా కూడా పని జరుగుతుంది" అని ఇంటర్నెట్‌లో రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నాడు.

పక్క గదిలో మంచం మీద కూర్చుని, ఫోన్‌లో ఆ జవాబు చదివిన అమ్మాయి పళ్ళు నూరింది. మారుపేరుతో ఆ అర్జీ పెట్టింది తన తమ్ముడి కూతురేనని ఆయనకు తెలియదు.

పెదనాన్న ఏళ్ల తరబడి, సమాచారం దాచి వెతికిపెట్టే ఒక డేటాబేస్‌ను కన్నబిడ్డలా సాకుతున్నాడు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, ఫలానాది చేర్చమని అడగొచ్చు. అడిగినవాళ్లలో నూటికి తొంభై మంది ఆయన దగ్గర తలుపుకు ముక్కు గుద్దుకుని వెనక్కి పోవాల్సిందే. అందుకే ఇంట్లో ఆయన ముద్దుపేరు గడియ. ఇక ఇంట్లోవాళ్ళు అడిగితే చచ్చినా ఒప్పుకోడు. బంధుప్రీతితో కోడ్ మార్చాడని రేపు ఎవడూ వేలెత్తి చూపకూడదట.

అమ్మాయికి మాత్రం అవసరం నెత్తి మీద కూర్చుంది. ఆమె ఉద్యోగం లిఫ్టుల కంపెనీ కాల్ సెంటర్‌లో. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఎర్ర బటన్ నొక్కితే ఆమె చెవిలో పలుకుతారు. ఏ లిఫ్టో తెర మీద పడదు. లోపల గోడకు కొట్టిన రేకు మీది నంబరు వాళ్ళ చేతే చదివించుకోవాలి. నిరుడు కంపెనీ మెకానిక్కులు అన్ని లిఫ్టుల్లోనూ పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించారు. ఎక్కడ బిగించారు? సరిగ్గా ఆ రేకుల మీద! నంబరులో ముందు భాగం కడ్డీ వెనక్కి పోయింది, తోక మిగిలింది.

నిఘంటువులో మొదటి అక్షరం తెలిస్తే పేజీ చిటికెలో దొరుకుతుంది. చివరి అక్షరం ఒక్కటే తెలిస్తే పుస్తకమంతా తిరగేయాలి. పెదనాన్న డేటాబేస్‌దీ అదే తంతు. కంపెనీ వాడేది దాన్నే. ఊరూరా ఉన్న లిఫ్టులు, వాటి విడిభాగాలు, రిపేర్లు అన్నీ ఒకే పట్టికలో. అది తిరగేసేలోపు లోపలివాళ్ళకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. అందుకే చివరి అంకెలతోనూ చిటికెలో వెతికేలా చేయమని ఆ అర్జీ పెట్టింది.

"ఏంటే, మూతి ముడుచుకున్నావు?" అన్నాడు పెదనాన్న భోజనాల దగ్గర.

"ఒకడు మా ఆఫీసు పనికి అడ్డుపడుతున్నాడు పెదనాన్నా."

"ఎవడు వాడు?"

"ఉన్నాడొక మొండిఘటం."

"అలాంటివాళ్ళ దగ్గర మెత్తగా ఉంటే లాభం లేదు. వదలకుండా అడుగు!"

అంతా తెలిసిన పెద్దమ్మకు పొలమారింది. "తాగే నీళ్ళు కూడా నిదానంగా తాగలేవా?" అని ఆవిడ నెత్తి మీద తట్టాడాయన.

మర్నాడు అమ్మాయి కళ్ళజోడు మర్చిపోతే, ఇవ్వడానికి ఆయనే ఆఫీసుకు వచ్చాడు. ఇచ్చి వెనుదిరిగేలోపే ఎర్ర దీపం వెలిగింది.

"ఎవరైనా ఉన్నారా తల్లీ?" ముసలి గొంతు. వెనకాల పిల్లనగ్రోవిలా ఊపిరి ఈల వేస్తోంది. "ఆయాసంగా ఉంది. పీల్చే మందు పైనే వదిలేశాను."

"భయపడకండి అవ్వా. ఏ బిల్డింగు?"

"ఏమోనమ్మా, మనవరాలింటికి నిన్ననే వచ్చాను. ఇక్కడ మేడలన్నీ ఒక్కలాగే ఏడ్చాయి."

అవ్వ చదివిన చివరి అంకెలు కొట్టి, అమ్మాయి బటన్ నొక్కింది. తెర మీద చక్రం తిరగడం మొదలైంది.

పెదనాన్న వంగి చూశాడు. "ఇది నాదే కదే! ఎందుకింత సేపు?"

"తోక వైపు నుంచి వెతుకుతోంది. ముందు భాగం కడ్డీ వెనక ఉంది."

"ఇదే ఎవరో అడిగారు. నేను..."

"అడిగింది నేనే. ఆ మొండిఘటం నువ్వే." హెడ్‌ఫోన్ తీసి ఆయన చెవులకు తగిలించింది. "నేను మెకానిక్కులను బండెక్కించి ఉంచాలి. ఆవిడతో మాట్లాడు. కంగారుపడితే ఆయాసం ఇంకా పెరుగుతుంది."

పెదనాన్న మైకు నోటి దగ్గరకు లాక్కున్నాడు. "అవ్వా... కింద కూర్చోండి. మెల్లగా ఊపిరి వదలండి."

"నువ్వెవరు నాయనా?"

"వెతికేవాణ్ణి అవ్వా."

"మరి వెతకరాదూ? నాతో కబుర్లేమిటి?"

"వెతుకుతూనే ఉన్నానండీ."

"నీకు పెళ్ళైందా?"

"అయింది."

"పాపం, ఆ పిల్ల ఎన్నాళ్ళు ఎదురు చూసిందో!"

ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అవ్వ మాటకూ మాటకూ మధ్య ఈల పెరుగుతోంది, చక్రం తిరుగుతూనే ఉంది. తన చేత్తో రాసిన చక్రం! దాన్ని తిట్టాలో, దండం పెట్టాలో తెలియక కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ మాట ఆగిపోయింది.

"అవ్వా? అవ్వా!"

"దొరికింది!" అమ్మాయి అరిచింది. చిరునామా చదువుతుండగానే అవతల బండి కదిలింది. నిన్న వచ్చిన అవ్వ మనవరాలిని పిలవమని ఆ మేడ కాపలాదారుకూ ఫోన్ వెళ్ళింది. కొద్ది నిమిషాలకు తలుపులు విరిచినట్టు చప్పుడు, ఎవరో పరుగున వచ్చిన అడుగులు, మందు పీల్చిన బుస్సుమనే శబ్దం. అవన్నీ పెదనాన్న చెవిలోనే మోగాయి. చివరికి అవ్వ గొంతు:

"ఆ వెతికే అబ్బాయికి చెప్పండర్రా, చెయ్యి కాస్త చురుగ్గా ఆడించమని."

ఇంటికి వెళ్తూనే ఆయన అర్జీ తిరిగి తెరిచాడు. కానీ అడిగింది సొంత ఇంటి పిల్ల, ఒప్పుకునే హక్కు తనకు లేదు. ఆ మాటే బాహాటంగా రాసి, తను కళ్ళారా చూసింది చెప్పి, నిర్ణయం తనతోపాటు ఆ డేటాబేస్ చూసుకునే మిగతా నిర్వాహకులకు వదిలేశాడు. ఇక కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడమే.

"ఏమండీ, మీరు తిరిగితే వాళ్ళు త్వరగా చదువుతారా?" అంది పెద్దమ్మ.

ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక నిర్వాహకుడు, గతంలో గడియ దెబ్బలు బాగా తిన్నవాడు, సందేహాల మీద సందేహాలు లేవదీశాడు. తోకే తలయ్యేలా ప్రతి నంబరునూ వెనక నుంచి ముందుకు కూడా రాసి ఉంచితే చోటు ఎక్కువ పట్టదా? వేగం తగ్గదా? పెదనాన్న ఒక్కొక్కదానికీ వినయంగా జవాబిచ్చాడు. ఆయన వినయం చూసి అవతలివాళ్ళు ఖాతా ఎవరైనా దొంగిలించారేమోనని కూడా అడిగారు! చివరికి అందరూ ఒప్పుకున్నారు. కొత్త కోడ్ తప్పుల్లేకుండా పనిచేస్తోందని తేల్చే పరీక్షలు మాత్రం గట్టిగా రాసి చూపించాలన్నారు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. జనం నంబర్లు ఎలా చదువుతారో అమ్మాయి చెబుతోంది, ఆయన టైపు చేస్తున్నాడు.

"కంగారులో కొందరు మధ్యలో ఒక అంకె మింగేస్తారు పెదనాన్నా. అప్పుడు కూడా దొరకాలి."

"అది వేరే పని. విడిగా అర్జీ పెట్టు."

"పెడితే మూసేస్తావు."

"ముందు పెట్టవే," అన్నాడు పెదనాన్న, కుర్చీ ఆమె వైపు జరుపుకుంటూ.