మూడో స్టాపు దాటాక ఎత్తు

తెల్లవారుజాము చలి ముక్కుపుటాల్లో సన్నగా కోస్తోంది.

వీధి దీపాలు ఇంకా ఆర్పలేదు. తారు తడిగా ఉంది... వానే పడిందో, మంచే కురిసిందో.

ఆ తడి మీద రెండు కొత్త బూట్లు. బూట్లలో రెండు పాదాలు. పాదాల పైన నలభై ఆరేళ్ళ మనిషి.

ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉంది.

పరుగెత్తాలి. అంతే కదా! చిన్నప్పుడు ఎవరూ నేర్పకుండానే వచ్చిందది. ఎప్పుడు పోయిందో మాత్రం గుర్తులేదు. ఫలానా రోజు చివరిసారి పరుగెత్తాను అని ఎవరు మాత్రం రాసిపెట్టుకుంటారు?

ఆమె బస్సు డ్రైవరు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఒకటే రూటు. డిపో నుంచి పదకొండు స్టాపులు. అక్కడ బస్సు తిప్పుకొని, మళ్ళీ పదకొండు. ఎక్కేవాళ్ళు డ్రైవరమ్మ అంటారు. దిగేవాళ్ళు ఏమీ అనరు. వాళ్ళ తొందర వాళ్ళది.

సీటు ఆమె ఒంటికి తగ్గట్టు లొంగింది. ఒళ్ళు కూడా సీటుకి తగ్గట్టు లొంగింది.

ఎవరు ముందు లొంగారో చెప్పడం కష్టం.

అంతకు వారం ముందు డ్రైవర్లందరికీ మెడికల్ జరిగింది. డాక్టరు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు. అంకెలు చూశాడు. మళ్ళీ కొట్టాడు.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"మా డిపోలో మెట్లు లేవండీ."

"ఇంట్లో?"

"రెండో అంతస్తు. మధ్యలో ఆగి పక్కింటావిడతో మాట్లాడి వెళ్తాను."

"రోజూ మాట్లాడతారా?"

"ఆవిడ ఇంట్లో లేకపోయినా ఆగుతానండీ."

డాక్టరు నవ్వాడు. నవ్వు ఆగాక చెప్పిన మాటలో నవ్వు లేదు. మాత్రలు వేసుకోవాలి. రోజూ ఒళ్ళు కదలాలి, నెమ్మదిగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. నాలుగు నెలల తర్వాత మళ్ళీ చూస్తారు. అప్పుడూ ఇవే అంకెలుంటే స్టీరింగ్ ఇవ్వరు.

"భయపడకండి. డిపోలో ఏదో కూర్చునే పని చూస్తారు."

కూర్చునే పని...

ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె చేసింది కూర్చునే పనే. కానీ కిటికీలో చెట్లు కదిలేవి. మబ్బులు కదిలేవి. కదలని కిటికీ పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించబోయింది.

ఊహ రాలేదు.

*

బూట్లు కొనిపెట్టింది వదిన.

వదిన అంటే భర్తకి అక్క. అరవై ఏళ్ళ మనిషి. ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరుగా చేసి మానేసింది. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోలేదన్న బెంగా పెట్టుకోలేదు. కుడి మోకాలు అరిగిపోయింది. నడిస్తే ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా పడుతుంది. గొంతు మాత్రం ఇప్పటికీ మైదానం అవతలి మనిషికి వినిపిస్తుంది. వంటింట్లో ఉప్పు అడిగినా అదే గొంతు.

"ఒక నిమిషం పరుగు. రెండు నిమిషాలు నడక. అలా ఎనిమిదిసార్లు. రోజు విడిచి రోజు" అంది.

"ఒక్క నిమిషమేనా వదినా? మరీ చిన్నపిల్లని చేసేస్తున్నారు."

"చూద్దువుగానీలే, నిమిషం ఎంత పొడుగుంటుందో."

చూసింది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నిమిషం ఒక ఆవులింతంత. పరుగులో నిమిషం ఒక వీధంత! ఇరవై సెకన్లకి ఛాతీలో ఎవరో తలుపు కొట్టారు. నలభైకి తలుపు విరగ్గొట్టారు. అరవై అయ్యేసరికి ఆమె ఒక గేటు పట్టుకుని ఒంగిపోయి ఉంది. గేటు లోపల కుక్క మొరగడం కూడా మరిచిపోయి ఆమెనే చూస్తోంది.

ఇంటికి వచ్చేసరికి భర్త లేచి, తన కళ్ళజోళ్ళ షాపు తాళాలు వెతుక్కుంటున్నాడు.

"ఎక్కడికెళ్ళావు పొద్దున్నే?"

"రెండో స్టాపు దాకా."

"బస్సు లేకుండానా?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపడుతూ.

వదిన కాఫీ గ్లాసు చేతికిచ్చింది. ఆయాసం గురించి అడగలేదు. నొప్పుల గురించి అడగలేదు.

"ఏం చూశావు?" అంది.

ఆమె తెల్లబోయింది. ఏం చూసింది? గేటు. కుక్క. కుక్క ముక్కు మీద తెల్లటి మచ్చ.

ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ గేటు ముందు నుంచే వెళ్తోంది... అక్కడ కుక్క ఉందని తెలియదు.

*

అలా మొదలైంది.

ఒక నిమిషం రెండైంది. రెండు మూడైంది. పెరిగిందని చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేంత చిన్నగా పెరిగింది. "పరుగెడుతూ మాట్లాడగలగాలి. మాట రాలేదంటే వేగం ఎక్కువైనట్టే" అనేది వదిన.

"పక్కన ఎవరున్నారని మాట్లాడనూ?"

"బస్సులో ఎదుటి బండ్లవాళ్ళని తిట్టుకుంటావుగా, అలా."

కానీ తిట్టడానికి ఆ వేళప్పుడు బండ్లు లేవు. రోడ్డంతా ఖాళీ. అందుకని చూసినవాటి పేర్లు పైకి చెప్పుకుంటూ పరుగెత్తింది.

కుళాయి... కారుతోంది.

గోడ... పగులులో గడ్డి.

బేకరీ. ఇంకా తెరవలేదు. వాసన మాత్రం అప్పుడే తెరిచేశారు.

సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో వేసిన చిన్నపిల్ల పాదం. ఐదు వేళ్ళూ ఉన్నాయి. ఆ పాదానికి ఇప్పుడు ఎన్నేళ్ళో!

బస్సులోంచి ఆమె ఎప్పుడూ తలలే చూసేది. నడినెత్తులు, గొడుగులు, టోపీలు. ఇప్పుడు ముఖాలు ఎదురొస్తున్నాయి. పాల వ్యాన్ అతను తన కంటే పొడుగు! రోడ్డూడ్చే ఆవిడకి ఎడమ బుగ్గన సొట్ట. ఇన్నేళ్ళూ ఈ ఊరిని పైనుంచి చూసి, తెలుసనుకుంది.

ఐదో వారంలో ఎత్తు దొరికింది.

మూడో స్టాపు దాటాక, నాలుగో స్టాపు వరకు. ఎదురుగాలి అనుకుంది మొదట. చెట్లు చూస్తే ఆకు కదలడం లేదు. బూటులో ఏదో పడిందనుకుంది. విప్పి దులిపింది. ఏమీ రాలేదు. పిక్కలు ఎందుకు బిగుస్తున్నాయి? ఊపిరి ఎందుకు చాలడం లేదు?

ఆగింది. వెనక్కి తిరిగింది.

వచ్చిన దారంతా కింద ఉంది.

సన్నటి ఎత్తు. కంటికి ఆనదు. కాలికే తెలుస్తుంది. ఆ మధ్యాహ్నం డ్యూటీలో మూడో స్టాపు దాటగానే తన కుడిపాదాన్ని గమనించింది. అది తనంతట తాను ఇంకొంచెం నొక్కుతోంది! రోజుకి ఎన్ని ట్రిప్పులు... ఎన్నేళ్ళు... పాదానికి అంతా తెలుసు. ఆమెకే చెప్పలేదు.

"వదినా, మూడో స్టాపు తర్వాత ఎత్తుంది!"

చేతికర్ర గోడకి ఆనించి వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎంత ఎత్తు? ఎక్కడ మొదలవుతుంది? చెప్పు, చెప్పు."

*

అంతా బాగుందనుకున్న వారంలోనే తప్పు చేసింది.

ఎనిమిదో వారం. ఐదు నిమిషాల పరుగు, మధ్యలో నడక. అదీ లెక్క. కానీ ఆ రోజు గాలి చల్లగా ఉంది. ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఎత్తు ఎదురుగా ఉంది. మెడికల్ కూడా ఎదురుగానే ఉంది... ఇంకో రెండు నెలలే! ఇలా చీమలా పాకితే అంకెలు దిగుతాయా?

నడక మానేసింది. ఆగకుండా ఎత్తెక్కేసింది. మర్నాడు కూడా ఎక్కింది. ఆ మర్నాడు కూడా.

నాలుగో రోజు మంచం దిగి పాదం మోపగానే మోకాలి కింద ముందు ఎముక మీద సూది గుచ్చినట్టయింది. క్లచ్ తొక్కినప్పుడల్లా పళ్ళు బిగపట్టి డ్యూటీ చేసింది. ఇంటికొచ్చి, మెట్ల మధ్యలో ఆగిపోయింది. ఈసారి ఆయాసం వల్ల కాదు.

వదిన ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుని ఎముక వెంట వేలితో రాసి చూసింది. తడిగుడ్డలో మంచుముక్కలు చుట్టి పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పది రోజులు అడుగు బయట పెట్టకు."

"పది రోజులా! మెడికల్ దగ్గరికొచ్చేసింది వదినా. ఆ కూర్చునే పని నావల్ల కాదు. నొప్పి ఏముంది, ఓర్చుకుంటే పోతుంది."

వదిన మంచుగుడ్డని ఇంకోవైపు తిప్పి పెట్టింది. గుడ్డలోంచి నీటిచుక్కలు కారుతున్నాయి.

"నేనూ ఓర్చుకున్నాను" అంది చివరికి. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని ఆమెకి అప్పటిదాకా తెలియదు. "ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు. పోటీలున్నాయి. మోకాలు వాచింది. కట్టు కట్టుకుని పరుగెత్తాను. మూడోదాన్ని వచ్చాను."

"తర్వాత?"

"తర్వాతేముంది? అదే చివరిది."

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. మోకాలు అరిగిందని అందరికీ తెలుసు. ఎక్కడ అరిగిందో ఎవరూ అడగలేదు.

ఆమె పది రోజులు ఆగింది. ఆగడం పరుగు కంటే కష్టంగా ఉంది. పొద్దున్నే లేచి కిటికీలోంచి రోడ్డు చూసేది. వదిన కూడా పక్కన నిలబడేది. ఇద్దరూ కాఫీ తాగుతూ ఖాళీ రోడ్డుని చూసేవారు.

ఈ ముప్పై ఏళ్ళూ వదిన ఇలాగే చూసిందా?

అడగలేకపోయింది.

*

మళ్ళీ మొదటి నుంచి. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఈసారి సిగ్గుపడలేదు.

ఒక తెల్లవారుజాము రెండో స్టాపు దగ్గరికి వస్తుంటే వెనక మొదటి బస్సు చప్పుడు. ఆ ఇంజను చప్పుడు ఆమెకి ఇంట్లో మనుషుల దగ్గులా తెలుసు. బస్సు పక్కనుంచి దాటి స్టాపులో ఆగింది. ఎందుకో సరదా పుట్టింది. అందుకుంటే? కాస్త ఊపు పెంచింది. ఇంకో నలభై అడుగులు. చెయ్యెత్తింది. ముప్పై. ఇరవై...

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది.

పక్క అద్దంలో డ్రైవరు కళ్ళు ఒక్క క్షణం కనిపించాయి. ఆ కళ్ళు ఆమెని చూశాయి. చూసి, రోడ్డు వైపు తిరిగాయి.

ఆమె మూతికి పొగ తగిలింది. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

ఆ కళ్ళ మీద ఆమెకి కోపం రాలేదు. అవి తన కళ్ళే.

అద్దంలో మనిషి చిన్నగా కనిపిస్తాడు. బొమ్మలా చెయ్యి ఊపుతాడు. ఆ బొమ్మకి ఛాతీ ఉంటుందని, ఛాతీలో తలుపులు విరుగుతుంటాయని అద్దం చెప్పదు. ఆరో స్టాపులో వాచీలు బాగుచేసే ముసలాయన రోజూ అలాగే వస్తాడు. ఒక చేత్తో సంచి, ఒక చెయ్యి గాలిలో. వాచీలు బాగుచేసే మనిషికి టైము తెలియదా అని కండక్టరూ తనూ ఎన్నిసార్లు నవ్వుకున్నారు! ఎన్నిసార్లు కదిలిపోయారు...

ఆ మధ్యాహ్నం ఆరో స్టాపులో ఆగింది. అద్దంలో చూసింది. వస్తున్నాడు. నలభై అడుగులు.

ఆగింది.

"పోనీ అమ్మా, లేటవుతోంది" అన్నాడు కండక్టరు.

"ఉండు, ఆయన ఊపిరి తీసుకోవాలి."

ముసలాయన ఎక్కి, కడ్డీ పట్టుకుని, ఆయాసంతో ఏమీ అనలేక ఆమె వైపు చూశాడు. ఆయన కూర్చున్నాకే బ్రేకు మీద నుంచి కాలు తీసింది.

*

మెడికల్ రోజున డాక్టరు పట్టీ చుట్టాడు. గాలి కొట్టాడు. ఈసారి రెండోసారి కొట్టలేదు.

"దిగింది. పూర్తిగా కాదు... కానీ దిగింది. నడపండి. ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం. మాత్రలు ఆపకండి."

ఆమె ఊపిరి వదిలింది. ఎగిరి గంతేయాలనిపించలేదు. అంకెల కంటే ఇంకో సంగతి బుర్రలో తిరుగుతోంది... పదకొండో స్టాపు దాకా వెళ్ళగలనా? తొమ్మిదో స్టాపు తర్వాత దారి కాలికి ఎలా ఉంటుంది?

మరో రెండు నెలలు పట్టింది.

ఆ ఆదివారం ఆమెకి సెలవు. వదిన మొదటి బస్సెక్కి ముందుగానే చివరి స్టాపుకి వెళ్ళి కూర్చుంది, చలికి శాలువా కప్పుకుని. ఆమె డిపో గేటు దగ్గర మొదలుపెట్టింది. మాట్లాడగలిగినంత నెమ్మదిగా. మూడో స్టాపు దాటాక ఎత్తుని అడుగు అడుగుగా ఎక్కింది. ఆరు. ఏడు. వంతెన కింద నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. తొమ్మిది. తొమ్మిది తర్వాత దారి పల్లం! ఎంత పల్లమో... కాళ్ళు వాటంతటవే పోతున్నాయి.

పది.

పదకొండో స్టాపు బెంచీ మీద వదిన లేచి నిలబడింది. చెయ్యి ఊపుతోంది. బస్సు వెనక్కి తిప్పుకునే గుండ్రటి జాగా... ఇరవై ఒక్క ఏళ్ళ చక్రాల గుర్తులు. అక్కడికి రాగానే ఆమె చేతులు స్టీరింగు తిప్పబోయినట్టు ఒకసారి వాటంతటవే కదిలాయి.

చేతులకి అలవాటు. కాళ్ళకి కాదు.

జాగా దాటాక కూడా రోడ్డుంది. సన్నటి రోడ్డు. రెండు పక్కలా పొడుగాటి గడ్డి. కాస్త దూరంలో మలుపు. మలుపు అవతలి నుంచి ఏదో పచ్చి వాసన... నీళ్ళా? కోసిన కట్టెలా? ఎన్ని వేలసార్లు ఇక్కడిదాకా వచ్చి, దీనికి వీపు చూపించి వెళ్ళిపోయింది!

ఆగలేదు.

"ఏయ్ మరదలా!" వదిన మైదానం గొంతు. "అటెక్కడికే? అటేముంది?"

"తెలీదు వదినా!"

గడ్డి చివర్లు చేతులకి తగులుతున్నాయి. మలుపు దగ్గరికొస్తోంది.

వెనక బెంచీ కిర్రుమంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా... ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా... రోడ్డు మీద ఇంకో చప్పుడు.

ఆమె వెనక్కి చూడలేదు.

వేగం మాత్రం కాస్త తగ్గించింది.