కెమెరా పక్కన మంచు మాస్టారు

ఆ విశ్వవిద్యాలయంలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "సార్, మ్యూట్ తీయండి" అంటూనే ఉంటుంది కాబట్టి అధ్యాపకులంతా కలిసి మ్యూటమ్మ అని పేరు పెట్టేశారు. వాళ్ళకు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పడం నేర్పించడం ఆమె ఉద్యోగం. పాఠాలు చెప్పేవాళ్ళకే పాఠం చెప్పడమంటే మాటలా? నేర్చుకోవాల్సింది ఉందని ముందు ఒప్పుకోరు. ఒప్పుకున్నాక, అది మీరే నేర్పలేదంటారు.

అయినా ఆమె చేతుల మీదుగా లెక్కలవాళ్ళు గట్టెక్కారు, చరిత్రవాళ్ళు గట్టెక్కారు. రాళ్ళ గురించి చెప్పే రాళ్ళ మాస్టారొక్కరే మిగిలిపోయారు. ఆయన క్లాసులో కొందరు గదిలో బెంచీల మీద, మిగిలినవాళ్ళు ఇళ్ళలో తెరల ముందు ఉంటారు. బెంచీల వైపు తిరిగితే మాస్టారి నోరు గలగలా పారేది. కెమెరా వైపు తిరిగారంటే గొంతులో వెలక్కాయ పడేది. "ఇది... రాయి" అని, కాసేపు ఆగి, "ఇదీ రాయే" అనేవారు. ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు.

డీన్ గారు కబురు పంపారు. నెలాఖరు క్లాసు ఆయన కూడా ఇంటి నుంచే చూస్తారట. అప్పుడూ ఇదే వరస అయితే, గదిలో కూర్చునే ఆ గుప్పెడు మంది కోసం కోర్సు నడపలేమన్నారు.

రాళ్ళ మాస్టారికి ఆ కోర్సంటే ప్రాణం. మొదటిరోజే ప్రతి విద్యార్థి చేతిలో ఒక గులకరాయి పెట్టి, ఏడాదంతా దాన్ని దగ్గరుంచుకోమంటారు. ఇళ్ళలో ఉన్నవాళ్ళకు సొంత ఖర్చుతో పోస్టులో పంపారు.

"ఆ గాజుకన్ను నన్ను మింగేసేలా చూస్తుందమ్మా. మొహమే లేనిదానితో ఏం మాట్లాడను?" అన్నారు బేలగా. మ్యూటమ్మకు జాలేసింది.

"మొహమే కదా సార్ కావాలి! మీకు బాగా దగ్గరి మనిషి ఫోటో కెమెరా పక్కన అంటించుకోండి. ఆ మనిషికే చెబుతున్నాననుకోండి."

మాస్టారు భార్య ఫోటో తెచ్చి అంటించారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సగం వాక్యం చెప్పి ఆగిపోయి, ఫోటో వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఏమైంది సార్?"

"మిగతా సగం ఆవిడ చెబుతుంది కదమ్మా. అలవాటు."

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఈ సంగతంతా విన్న మ్యూటమ్మ అత్తగారు ఫక్కున నవ్వింది. "పిచ్చిదానా, దగ్గరివాళ్ళ ముందు ఎవరికి నోరు లేస్తుంది? ఎవర్ని చూస్తే ఒళ్ళు మండుతుందో వాళ్ళ ఫోటో పెట్టమను. మా ఆడపడుచు ఫోటో నాకివ్వు, తెల్లవార్లూ చెబుతాను పాఠం."

"ఏం పాఠం అత్తయ్యా?"

"ఏదైతేనేం!"

రాళ్ళ మాస్టారి విషయంలో ఆడపడుచు కోసం వెతుక్కోనక్కర్లేదు. పక్క గదిలోనే మంచు మాస్టారున్నారు. ఊరి బయట ఉన్న లోయను నీళ్ళే తొలిచాయని ఈయనంటారు. కాదు, ఎప్పుడో కొండ మీద నుంచి జారిన మంచుగడ్డలు కోసేశాయని ఆయనంటారు. ఉద్యోగాల్లో చేరిన నాటినుంచీ ఒకరు ఎడ్డెమంటే రెండోవారు తెడ్డెం. స్టాఫ్ గ్రూప్ ఫోటోలోంచి మంచు మాస్టారి తలను కత్తిరించి కెమెరా పక్కన అంటించారు.

ఇక చూడాలి! "ఈ లోయను మంచు కోసిందట! ఏ కళ్ళతో చూశారండీ? రండి, చూపిస్తాను!" అని రాళ్ళ మాస్టారు తెరలోంచి బయటికి దూకేలా ఉన్నారు. ఇళ్ళలో ప్రతివాడూ ఆ సవాలు తనకేననుకుని వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. జారుకున్నవాళ్ళు వెనక్కి వచ్చారు.

డీన్ గారు చూసే క్లాసు రేపనగా, గోల భరించలేక మంచు మాస్టారు తలుపు తోసుకొచ్చారు. కెమెరా పక్కన తన తలే కనిపించింది. రాళ్ళ మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు.

"ఏమిటిది?"

మ్యూటమ్మ నోరు ఊరుకుంటేనా! "బాగా దగ్గరి మనిషి ఫోటో పెట్టుకోమన్నాను సార్" అనేసింది. ఆ మాట అన్నది నిజమే కదా మరి.

మంచు మాస్టారు ఫోటో దగ్గరికి వచ్చి వంగి చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా ఇంట్లో నా ఫోటో టీవీ వెనకాల ఉంటుందమ్మా" అన్నారు. "రేపు నేనే వచ్చి ఇక్కడ కూర్చుంటాను. మనిషిని నేనే ఉండగా ఫోటో ఎందుకు?"

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, కెమెరా పక్కన కుర్చీ వేసుకుని, చిరునవ్వుతో కూర్చున్నారు. తెర మీద ఒక గడిలో డీన్ గారున్నారు.

"ఈ లోయను నీరే తొలిచింది!" అని గర్జించారు రాళ్ళ మాస్టారు.

"అయ్యుండొచ్చు" అని తలూపారు మంచు మాస్టారు.

రాళ్ళ మాస్టారి గొంతు అక్కడికక్కడే కూలబడింది. "ఇది... రాయి" అన్నారు. డీన్ గారు వాచీ చూసుకున్నారు. తెర మీద రెండు గడులు ఖాళీ అయ్యాయి.

మ్యూటమ్మ నాలిక్కరుచుకుంది. తన నోటి చలవే ఇదంతా. మంచు మాస్టారి వైపు వంగి, "సార్, ఒక్కసారి కాదనండి" అని బతిమాలింది.

"ఇంత అభిమానం పెట్టుకున్న మనిషిని కాదనడానికి నోరెలా వస్తుందమ్మా?"

రాళ్ళ మాస్టారు ఆ నవ్వుమొహాన్ని చూశారు, ఖాళీ అవుతున్న గడుల్ని చూశారు. సొరుగు లాగి, గీతలున్న నల్లరాయి ఒకటి తీశారు. "ఈ గీతలు మంచు గీసిందని ఒక మాస్టారు ఇన్నాళ్ళూ వాదించారు. ఈ రోజుతో ఆ వాదన మానేశారు. కాబట్టి ఈ రాయితో మనకిక పనిలేదు" అని చెత్తబుట్ట మీదకు చెయ్యి చాపారు.

మంచు మాస్టారు పెదవి కొరుక్కున్నారు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. రాళ్ళ మాస్టారి వేళ్ళు ఒక్కొక్కటే విడుతున్నాయి.

"ఆగండి!" కుర్చీ వెనక్కి పడింది. "గీతలన్నీ ఒకే వైపుకి పోతుంటే కనబడట్లేదూ? నీళ్ళు నున్నగా అరగదీస్తాయి గానీ ఇలా గీస్తాయా?"

"వరదలో రాయీ రాయీ రాసుకుంటే గియ్యవా?"

ఇద్దరూ కెమెరా ముందు భుజాలు తోసుకుంటున్నారు. బెంచీల మీదవాళ్ళు లేచి నిలబడ్డారు. తెర మీద ఒక పిల్ల తన గులకరాయిని కెమెరాకు ఆనించి, "సార్, నా రాయి మీదా గీతలున్నాయి!" అని అరిచింది. ఆ వెంటనే గడి గడిలో ఒక రాయి లేచింది. డీన్ గారి పెదవులు కూడా గబగబా కదులుతున్నాయి గానీ మాట వినిపించడం లేదు.

"సార్, మ్యూట్ తీయండి" అంది మ్యూటమ్మ.

"అందరికీ రాళ్ళు పంపారు, నాకేదీ?" అంటున్నారు డీన్ గారు. "వచ్చే క్లాసుకల్లా పంపండి."

మ్యూటమ్మ హమ్మయ్య అనుకుంటూ అక్కడే బెంచీ మీద కూర్చుంది.

గది ఖాళీ అయ్యాక మంచు మాస్టారు కుర్చీ నిలబెడుతూ, "నిజంగా పారేసేవారా దాన్ని?" అన్నారు.

"ఉద్యోగంలో చేరిన రోజు మీరిచ్చిన రాయండీ ఇది. అది చూసేగా నేను పిల్లలకు రాళ్ళివ్వడం మొదలుపెట్టింది." రాళ్ళ మాస్టారు దాన్ని చేతిరుమాలుతో జాగ్రత్తగా తుడిచి సొరుగులో పెట్టారు. "నీళ్ళు గీసిన రాయే అయినా."

"మంచు!" అన్నారు మంచు మాస్టారు. ఇద్దరూ అలా కాదనుకుంటూనే మెట్లు దిగిపోయారు.