కాలిన వాలు మీద ఇల్లు

దార్కుంగి రోజూ రెండు పూటలా అన్నానికి ఎసరు పెట్టేముందు గుప్పెడు బియ్యం తీసి పక్క డబ్బాలో వేస్తుంది. ఆ కొండ ఊళ్లో ప్రతి ఇల్లాలూ అంతే. శనివారం ఆడవాళ్ల సంఘం వాళ్లు బుట్టలు తగిలించుకుని ఇంటింటికీ వచ్చి ఆ బియ్యం చర్చికి పట్టుకుపోతారు. కాపురానికి వచ్చిన ఇరవై ఆరేళ్లలో ఆ గుప్పెడు ఆమెకు ఎన్నడూ లెక్కలోకి రాలేదు. చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. ఈ జూలైలో మాత్రం ఆ చెయ్యి డబ్బా దాకా వెళ్లి ఆగిపోయింది. ఈ వారం బియ్యమంతా జహువాటా కుటుంబానికి పోతుందని సంఘం నిర్ణయించింది.

జహువాటా పేరు వింటే దార్కుంగికి ఒళ్లు మండుతుంది. రోడ్డుకు దిగువన దార్కుంగికో వాలు నేల ఉంది. ఏడేళ్లు కలుపు తీసి పెంచిన కొండచీపురు గడ్డి. లారీ వాళ్లు వచ్చి కట్టలు కట్టలుగా కొనుక్కుపోయేవాళ్లు. పిల్లలిద్దరూ ఐజ్వాల్‌లో చదువుకున్నది ఆ చీపుళ్ల మీదే. రెండేళ్ల కిందట మార్చిలో, పోడుకు గురువారం నిప్పు పెట్టుకోవాలని ఊరంతా చాటింపు వేస్తే, ఆ వాలు పక్కనే ఉన్న తన పోడుకు జహువాటా మంగళవారమే పెట్టేశాడు. మంట దాటకుండా చుట్టూ గడ్డి కొట్టి బాట తీయాలి, అదీ తీయలేదు. కుండెడు అన్నం ఉడికేలోపు ఆమె వాలంతా బొగ్గయింది. ఊరి పెద్దలు అడిగితే, దారినపోయే డ్రైవరెవడో సిగరెట్టు పారేసి ఉంటాడన్నాడు. చూసినవాళ్లు లేరు. పంచాయితీ అంతటితో ముగిసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చిలో ఆమెకు రెండు వరసల ముందు కూర్చుని అందరికంటే గట్టిగా పాడేవాడు. దార్కుంగి చెవికి పాట ఎక్కేది కాదు. అతని మెడ వెనకభాగమే కనిపించేది.

ఇప్పుడు ఐదు రోజుల ముసురుకు కొండ జారి అతని ఇల్లు లోయలోకి పోయింది. ప్రాణాలు దక్కాయి. భార్య రోహ్లుయి, ముగ్గురు పిల్లలు మిగిలారు, ఒక పంది కూడా. వాళ్లను బడి గదిలో ఉంచారు.

శనివారం బుట్ట వచ్చినప్పుడు దార్కుంగి ఖాళీ డబ్బా చూపించింది. వచ్చినావిడ తలూపి పక్కింటికి వెళ్లిపోయింది. ఏదైనా అని ఉంటే బాగుండేది, తనూ తిరిగి నాలుగు అనేది.

ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక జహువాటాకు స్థలం చూడాలని అందరూ కూర్చున్నారు. పాతచోట ఇక ఇల్లు నిలవదు. ఒకాయన తన నేలలో నారింజ చెట్లున్నాయన్నాడు. ఇంకొకాయన తనది కొడుకుల వాటా అన్నాడు. మూడో ఆయన తన మట్టి గుల్ల అన్నాడు. ప్రతివాడూ మాట మొదలుపెట్టే ముందు ఆ కుటుంబం కోసం కన్నీళ్లతో ప్రార్థిస్తున్నానని చెప్పాడు. చివరికి చర్చి పెద్ద ఖుమా, దేవుడే ఒక చోటు చూపిస్తాడు, అందరం తలలు వంచుదాం అని లేచాడు.

దార్కుంగి కూడా లేచింది.

"ప్రార్థన కాసేపు ఆపు ఖుమా అన్నా. దేవుడు కొత్తగా చూపించేదేముంది? రోడ్డు కింద నా వాలు రెండేళ్లుగా ఖాళీగా పడుంది. ఎందుకు ఖాళీ అయిందో ఇక్కడ తెలియనివాళ్లు లేరు. అక్కడ కట్టుకోమను."

జహువాటా తల ఎత్తలేదు. ఖుమా మాత్రం పొంగిపోయి, మన చెల్లెమ్మ విశ్వాసంలో ఎంత ఎదిగిందో చూడండి అని మొదలుపెట్టాడు.

"నన్ను పొగడకు. వీళ్ల ఏడుపు ప్రార్థనలు వినలేక ఇచ్చాను" అని ఆమె బయటికి వచ్చేసింది.

దారిలో మొగుడు లియానా, బాగా ఆలోచించే ఇచ్చావా అని మెల్లగా అడిగాడు. నోరు మూసుకుని నడవమంది. ఇంటికి చేరేసరికి కోపం తన మీదకే తిరిగింది. ఊరికే ఎందుకిచ్చింది? చేసిన పని అందరి ముందూ ఒప్పుకుంటేనే స్థలం అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

సోమవారం ఆ మాట చెప్పడానికే ఖుమా ఇంటికి బయలుదేరింది. బడి దగ్గర రోహ్లుయి తడిసిన దుప్పట్లు పిండుతోంది. దార్కుంగిని చూసి పలకరించబోయి, ధైర్యం చాలక మళ్లీ దుప్పటి మీదకు వంగింది. దార్కుంగి మనసేమీ కరగలేదు. కానీ నాలుగడుగులు వేశాక కాళ్లు ఆగాయి. ఇప్పుడు షరతు పెడితే అది ఇచ్చినట్టు కాదు, అమ్మినట్టు. ఇరవై ఏళ్ల కిందటైతే ఈ సంగతి ఆమెకు తోచేదే కాదు, హాయిగా వెళ్లి అడిగేసేది. ఇప్పుడు తోచింది. తోచినందుకు పళ్లు కొరుక్కుంటూ వెనక్కి తిరిగింది.

వాన తెరిపిచ్చాక ఇంటికొకరు చొప్పున ఊరంతా పనికి దిగింది. తన ఇంటి తరఫున దార్కుంగే పార పట్టుకుని వెళ్లింది. మట్టి చదును చేస్తుంటే జహువాటా ఆమె పక్కకు వచ్చాడు.

"అక్కా, ఆ రోజు నిప్పు పెట్టింది నేనే. గాలి లేదనుకున్నాను."

"తెలుసు."

"సిగరెట్టు మాట అబద్ధం."

"అదీ తెలుసు." ఆమె పార నేలకు ఆనించింది. "అప్పుడే వచ్చి చెప్పుంటే ఒక పూట తిట్టి ఊరుకునేదాన్ని. రెండేళ్లు నీ మెడ చూస్తూ కూర్చోబెట్టావు. దేవుడి ముందు కూడా నువ్వే అడ్డం."

అతను ఏడ్చాడు. ఏడుస్తుంటే ఆమెకు కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది. కళ్లు తుడుచుకుని, ఇంటికి పోగా మిగిలిన నేలంతా మళ్లీ చీపురు దుబ్బులు నాటిస్తానన్నాడు.

"నాటు. కాల్చావు కాబట్టి నాటు. స్థలం ఇచ్చానని నాటకు. ఆ రెండింటికీ ముడి పెట్టావంటే ఊరుకోను. పక్కకి జరుగు, పని కానియ్."

నాలుగు రోజుల్లో వెదురు గోడలు లేచాయి, పైన రేకులు పడ్డాయి. ఆగస్టంతా జహువాటా, రోహ్లుయి దుబ్బులు నాటారు. ఊళ్లో కొందరు దార్కుంగి పెద్ద మనసు గురించి చెప్పుకుంటే, మరికొందరు ఆమె నోటి గురించి చెప్పుకున్నారు. ఈ రెండో మాటలోనూ నిజం ఉంది. జహువాటా పంది దొడ్డి తీసుకెళ్లి ఆమె నీళ్లు పట్టుకునే ఊటకు ఎగువన కట్టాడు. అది చూసి ఆమె వెళ్లి నాలుగిళ్లకు వినబడేలా దులిపింది. కొంప జారిపోయినా పాత బుద్ధి మాత్రం ఎక్కడికీ జారిపోలేదంది. అతను వెంటనే గుంజలు పీకడం మొదలుపెట్టాడు. రోహ్లుయి లోపల్నుంచి పాలు లేని టీ తెచ్చి ఇచ్చింది. దార్కుంగి గిన్నె అందుకుని, నిలబడే తాగుతూ, దొడ్డి ఎక్కడ కట్టాలో వేలు పెట్టి చూపిస్తూ తిట్టింది.